యాత్రికులకు బస

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు మాట్లాడమంటే పంచాంగం గురించో, భాష గురించో మాట్లాడడం మర్యాద. అవి చెప్పగల పెద్దలు ఈ వేదికమీదే ఉన్నారు. నేను మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. టిక్కెట్టు కిటికీకి ఇవతల కూర్చొని రోజూ వందల ముఖాలు చూడడం నా ఉద్యోగం. కార్యదర్శిగారు, "నీకు తెలిసిందే చెప్పవయ్యా, చాలు" అన్నారు. ఆ ధైర్యంతో నిలబడ్డాను.

ప్రయాణం చేసే మనిషికి రెండు ప్రశ్నలుంటాయి. ఎట్లా వెళ్ళడం అన్నది మొదటిది. రాత్రికి ఎక్కడ పడుకోవడం అన్నది రెండవది. మొదటిదానికి నా దగ్గర టిక్కెట్టు ఉంది. రెండవదానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా జనం కిటికీలో తల పెట్టి ఆ రెండవ ప్రశ్న కూడా నన్నే అడుగుతారు. "అయ్యా, తిరుత్తణిలో రూము దొరుకుతుందా?" అని. వెనుక నలభైమంది వరుసలో నిలబడి ఉంటారు. "వెళ్ళి చూడండి" అని చెప్పి పంపించడమే నేను చేయగలిగింది.

మనం ఉంటున్న ఈ తిరువళ్లూరు పేరులోనే ఆ ప్రశ్న ఉన్నది. స్థలపురాణం మీలో చాలామంది వినే ఉంటారు. శాలిహోత్ర మహర్షి ఉపవాస దీక్షలో ఉండి, అతిథికి పెట్టిన తర్వాతే తాను తినాలని కూర్చున్నాడు. ఒక ముసలి బ్రాహ్మణుడు వచ్చాడు. తనకు పెట్టినది తిన్నాడు, ఋషి తనకోసం ఉంచుకున్నదీ తిన్నాడు. తిని, "అలసిపోయాను, పడుకోవడానికి ఏ గది?" అన్నాడు. తమిళంలో ఆ మాటే 'ఎవ్వుళ్'. ఋషి తన పర్ణశాల చూపించాడు. స్వామి అక్కడే పవళించి, ఋషి తలమీద చేయి ఉంచి, ఈనాటికీ వీరరాఘవుడుగా ఉన్నాడు. తిరు ఎవ్వుళ్ వాడుకలో తిరువళ్లూరయింది. ముందుగా కబురు చేసి వచ్చారా, పేరు వ్రాయించుకున్నారా అని ఋషి అడిగినట్టు మాత్రం ఏ పురాణికుడూ చెప్పలేదు.

ఇక తిరుత్తణి సంగతి. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆనాడు అక్కడి తెలుగువాళ్ళు ఇల్లు కదలకుండానే పొరుగు రాష్ట్రంవాళ్ళయ్యారు. మనబోటివాళ్ళం ఉద్యోగాలకోసం మూటా ముల్లె కట్టుకొని వచ్చి అయ్యాము. వచ్చిన దారి ఏదైనా, మన రెండు తరహాల ఇళ్ళకూ చుట్టాలు వచ్చేది ముఖ్యంగా ఈ రెండు గుళ్ళకోసమే. అమావాస్యకు ముందురోజు సాయంకాలం తిరువళ్లూరు హృత్తాపనాశిని పుష్కరిణి చుట్టూ చూడండి. బెల్లం, పాలు పట్టుకొని వచ్చినవాళ్ళు, తెల్లవారి పితృతర్పణం చేయవలసినవాళ్ళు వీధి అరుగులమీదా, గోడలవారా గుడ్డలు పరుచుకొని పడుకుంటారు. తై అమావాస్య, ఆడి అమావాస్య అయితే కాలు పెట్టే చోటుండదు. తిరుత్తణిలో ఆడికృత్తికకు పూలకావళ్ళతో వచ్చే జనంలో నగరి, పుత్తూరు, చిత్తూరువైపు తెలుగువాళ్ళు ఎందరో. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆ 365 మెట్లకూ పూజలు జరుగుతాయి. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. ఆ రాత్రి తిరుత్తణిలో గది కావాలనుకోవడం అత్యాశ.

ఈ వచ్చేవాళ్ళు ఎట్లా వస్తారో కొంచెం చెప్పాలి. రైలుకు వచ్చేవాళ్ళు సగం. మిగతావాళ్ళు వ్యాను మాట్లాడుకొని వస్తారు. వ్యాను అంటే అది వాళ్ళకు ఇల్లే. ముందు సీటులో ముసలివాళ్ళు, వెనుక గ్యాసుపొయ్యి, బియ్యం, చింతపండు పులుసు కలిపిన డబ్బా, మంచినీళ్ళ క్యాన్లు, చాపలు, పైన కావళ్ళు. పెద్ద యాత్రా బస్సులయితే వంటవాణ్ణి కూడా తెచ్చుకుంటాయి. కాళహస్తి, తిరుపతి, తిరుత్తణి, కంచి, అరుణాచలం, రామేశ్వరం అంటూ వారం పది రోజులు ఆ బస్సులోనే కాపురం. వీళ్ళకు మేడగది అక్కరలేదు. చదునైన నేల, కుళాయి, మరుగుదొడ్డి, ఒక దీపం, ఇవి ఉంటే చాలు. ఇవే దొరకవు. పెట్రోలు బంకు పక్కన బండి ఆపితే వెళ్ళమంటారు. కల్యాణమంటపం ముందు ఆపితే కాపలావాడు కర్ర చూపిస్తాడు. సాయంకాలం నాలుగు గంటలనుండి ఆ బండిలోని ఆడవాళ్ళు మంచినీళ్ళు త్రాగరు. ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. యాత్రలో మొక్కులకంటే ఇది కఠినమైన ఉపవాసం.

ఇది మన దేశంలోనే ఉన్న చిక్కు కాదు. మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు గదా, వాళ్ళను అడగండి. అక్కడ మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న పెద్ద మోటారు బండ్లు ఉంటాయి. వేసవి సెలవుల్లో అద్దెకు తీసికొని అడవులూ కొండలూ చూడబోతారు. బండి దొరుకుతుంది. రాత్రి దాన్ని నిలుపుకొనే స్థలమే దొరకదు. యోసెమిటీ అని కాలిఫోర్నియాలో పేరుపడిన వనం ఉన్నది. అక్కడి విడిది స్థలాలలో చాలావాటికి అయిదు నెలల ముందే, 15వ తేదీ ఉదయం 7 గంటలకు పేరు నమోదు చేసికోవాలి. వేసవి తేదీలయితే నిమిషాలలో అయిపోతాయి. మన తత్కాల్ టిక్కెట్టుకు పొద్దున 10 గంటలకు కూర్చున్నట్టే, అక్కడివాళ్ళు కూడా గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. ఇంత చేసి తీరా వెళితే కొన్ని స్థలాలు ఖాళీగా కనిపిస్తాయి. పేరు వ్రాయించుకున్నవారు రారు. ప్రభుత్వ వనాలలో అట్లా రానివారికి మొదటిరాత్రి అద్దె పోయి, పైన 20 డాలర్లు జరిమానా పడుతుంది. అయినా వాళ్ళ స్థలం మరునాటివరకు అట్టే పెట్టి ఉంచుతారు. ఈ బాధ పడలేక కాలిఫోర్నియాలో 2023లో తమ రాష్ట్ర వనాలకోసం ఒక చట్టమే చేశారు. డబ్బున్న దేశం, స్థలమున్న దేశం, అక్కడే ఇట్లా ఉన్నది.

నేను చెప్పదలచుకున్నది ఈ ఖాళీ చోటును గురించే.

కిందటి ఆడికృత్తికకు మా పెద్దమ్మవాళ్ళు పుత్తూరు అవతలి పల్లెనుండి పదకొండుమంది వ్యానులో తిరుత్తణి వచ్చారు. పెద్దమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు వంగవు. మా ఇంటికి రమ్మంటే, తెల్లవారుజామున స్నానం చేసి మనుమడిచేత కావడి ఎత్తించాలి, రోడ్డుమీద పోలీసులు బండ్లు మళ్ళిస్తున్నారు, ఇప్పుడు వస్తే మళ్ళీ చేరలేము అన్నారు. డ్యూటీ దిగి రైలెక్కి నేనే వెళ్ళాను. రాత్రి పది దాటింది. ఒక లాడ్జిలో అడిగాను. గదులన్నీ రిజర్వు అయిపోయినాయన్నాడు గుమాస్తా. వరండాలోంచి చూస్తే ఒక వరుసలో ఆరు తలుపులకు తాళాలున్నాయి. "వాళ్ళు వస్తారండీ, డబ్బు కట్టేశారు" అన్నాడు. పోనీ వచ్చేదాకా ఈ ముసలామెను ఒక్క గదిలో పడుకోనివ్వమన్నాను. అతనికి ఆ అధికారం లేదు. ఒక గుమాస్తా కష్టం ఇంకొక గుమాస్తాకు తెలుసు గనుక నేను గట్టిగా అడగలేదు. వ్యాను పక్కన టార్పాలిన్ పరిచి ఆమెను పడుకోబెట్టాము. రెండు గంటలకు వాన వచ్చింది. తెల్లవారేదాకా ముందు సీటులో కూర్చునే ఉన్నది. నాలుగింటికి నేను కాఫీకోసం ఆ లాడ్జి ముందునుండి వెళ్ళాను. ఆరింటిలో నాలుగు తలుపులకు తాళాలు అట్లాగే ఉన్నాయి.

పెద్దమ్మకు ఈ మాట చెప్పకుండా ఉండవలసింది గాని, మాటల్లో వచ్చింది. ఆమె అన్నది, "లోపల ఎవురన్నా పడుకోనుంటే నాకేమీ బాధలేదు నాయనా. ఎవురూ లేని గదికి బీగమెందుకురా?"

దీనికి జవాబు వెతుకుతూ అప్పటినుండీ కొన్ని సంగతులు పోగుచేశాను.

పూర్వం ఇట్లా ఉండేది కాదు, సత్రాలుండేవి అని పెద్దలంటారు. నిజమే. మద్రాసులో కాపురమున్న మన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి కాశీయాత్ర చేసి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. నూరుమందిదాకా పరివారం. డేరాలు వెంట ఉన్నాయి. ఆయన యాత్రాచరిత్ర 1838లో అచ్చయింది. దానిలో దేవుళ్ళ వర్ణనతో సమానంగా, ఏ ఊళ్ళో సత్రమున్నది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి స్థలముంది, ఎక్కడ అంగళ్ళున్నవి అని వ్రాసిపెట్టారు. వెనుక వచ్చేవాళ్ళకు పనికివస్తుందని ఆ శ్రద్ధ. అట్లాగే గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మగారు వేళ గాని వేళ వచ్చిన బాటసారికీ అన్నం పెట్టారని మన తాతల కాలంనుండి చెప్పుకుంటున్నాము. ఆమె 1909లో పోయారు. అయితే ఇందులో రెండవ పక్క కూడా చెప్పాలి. సత్రాలలో చాలావాటి గడపమీద ముందు కులం అడిగేవారు. లోపల చోటున్నా, కొందరికి చెట్టుకిందే బస. ఆ కాలమే బంగారమని నేననను. ఈనాడు గదికి డబ్బు అడుగుతారు, ఆధారు అడుగుతారు, కులం అడగరు. అది చిన్న మేలు కాదు.

ముందుగా నమోదు చేసికొనే పద్ధతి చెడ్డదని కూడా నేననను. అదే నా అన్నం. సెలవు ముందుగా దొరికినవాడు, చంటిపిల్లలున్నవాడు, రోగి, వీళ్ళకు నిశ్చయంగా చోటు ఉండాలంటే ముందుగా వ్రాయించుకోవడమే దారి. కాని అన్ని గదులూ మూడు నెలల ముందే, సెల్‌ఫోను తిప్పగలవాళ్ళ చేతికి పోతే, మొక్కు ఉన్నట్టుండి గుర్తుకు వచ్చినవాడికి, కూలి డబ్బు శనివారం అందినవాడికి, ఫోను చూడడం రాని మా పెద్దమ్మకు మిగిలేది ఏమిటి? దేవుడు పిలిచాడంటారు. దేవుడు మూడు నెలల ముందు పిలవడు.

తిరుమలలో దీనికి కొంత దారి వెతికారు. అక్కడా ఆన్‌లైన్ గదులు సుమారు మూడు నెలల ముందే విడుదలై నిమిషాలలో అయిపోతాయి. అయినా కొన్ని గదులను అప్పటికప్పుడు వచ్చినవారికి కొండమీద సి.ఆర్.ఓ. ఆఫీసులో పేరు నమోదు చేసికొని ఇస్తారు. దళారుల బెడద తగ్గించడానికి 2023 మార్చినుండి ముఖం గుర్తుపట్టే యంత్రాలు కూడా పెట్టారు. గది అందనివాడికి యాత్రికుల వసతి సముదాయాలున్నాయి. సామానుకు లాకరు, మనిషికి చాప వేసికొనే చోటు, డబ్బు లేకుండా. వరుసలో నిలబడి నిలబడి విసుక్కోవడం అక్కడా ఉన్నది, కాని 'నీకు చోటు లేదు పో' అన్న మాట లేదు. శబరిమల సంగతి పత్రికలలో చదివే ఉంటారు. 2024 అక్టోబరులో, ఆ ఏడు ఆన్‌లైన్లో నమోదు చేసికొన్నవారికే దర్శనమని అన్నారు. నిరసన లేచింది. నమోదు లేకుండా వచ్చినవారికి కూడా దర్శనముంటుందని ఆ నెలలోనే కేరళ ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పవలసి వచ్చింది. మన తెలుగు అయ్యప్పలు ఎందరో ఆ వ్యానులలో ఉన్నారు.

ఇక మా రైల్వే. దీనిమీద మీకెన్ని ఫిర్యాదులున్నాయో నాకు తెలుసు, రోజూ వింటూనే ఉంటాను. వెయిటింగ్ లిస్టు టిక్కెట్టు చేతపట్టుకొని వచ్చినవాడి ముఖం నేను చూసినట్టు మీరు చూడలేదు. కాని ఒక్క విషయంలో మా పద్ధతి మంచిదని గట్టిగా చెప్పగలను. 2024 నవంబరు 1నుండి ముందుగా టిక్కెట్టు కొనే గడువు 120 రోజులనుండి 60 రోజులకు తగ్గించారు. ఎందుకంటే, రెండు నెలలకంటే ముందుగా కొన్న టిక్కెట్లలో నూటికి 21 రద్దయిపోతున్నాయనీ, ఇంకొక నాలుగైదు మనుషులు రాకుండానే పోతున్నాయనీ రైల్వే బోర్డు లెక్క చెప్పింది. ఇక బండి కదిలిన తర్వాత చూడండి. బెర్తు కొన్నవాడు ఎక్కలేదు. టి.టి.ఇ. ఏం చేస్తాడు? ఆ బెర్తుకు తాళం వెయ్యడు. పక్క సీటులో ఇద్దరు సర్దుకొని కూర్చున్న ఆర్.ఎ.సి. ప్రయాణికులలో ఒకరికి దాన్ని ఇస్తాడు. రాత్రి ఆ మనిషి నడుం వాలుస్తాడు. రానివాడికి అన్యాయం జరగలేదు, వచ్చినవాడికి న్యాయం జరిగింది. నడిచే బండిలో ఇది సాధ్యమైతే, కదలని గదిలో ఎందుకు సాధ్యం కాదు?

ఒక దుఃఖకరమైన సంగతి కూడా చెప్పాలి. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషనులో పక్కన నిలిపి ఉంచిన ఒక యాత్రా పెట్టెకు నిప్పంటుకున్నది. లక్నోవైపునుండి వచ్చిన యాత్రికులు, పెట్టె మొత్తం మాట్లాడుకొని, దానిలోనే మకాం చేస్తూ వచ్చారు. దొంగచాటుగా లోపలికి తెచ్చిన గ్యాసు సిలిండరుతో పొయ్యి వెలిగించారు. తొమ్మిదిమంది పోయారు. రైలులో సిలిండరు పెట్టడం నేరం, దాన్ని సమర్థించే మాట నా నోట రాదు. మీలో ఎవరైనా పెట్టెలో పెట్టుకొని ఎక్కితే నేనే దింపిస్తాను. కాని రోజులతరబడి బండిలో కాపురం చేసే ముసలివాళ్ళకు పొద్దున్నే వేడినీళ్ళు కావాలి, పొయ్యి వెలిగించుకొనే చోటు కావాలి. అది బయట ఎక్కడా చూపించకపోతే లోపల వెలిగిస్తారు. వ్యానులలో రోజూ జరుగుతున్నది ఇదే. ఆడికృత్తికనాటి రాత్రి రోడ్డువార నిలిచిన బండ్లలో ఎన్ని సిలిండర్లున్నాయో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇంత చెప్పి ప్రభుత్వం చూసుకోవాలి అని కూర్చుంటే సభలో చప్పట్లు కొడతారు, ఆ పైన ఏమీ జరగదు. మన సంఘానికి భవనం లేదు, నిధి అంతకంటే లేదు. అయినా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయని నా మనవి.

లాడ్జీలవారితో మాట్లాడదాము. వాళ్ళు మనకు శత్రువులు కారు, డబ్బు కట్టినవాడు అర్ధరాత్రి వచ్చి తలుపు కొడితే ఏం చెప్పాలన్నది వాళ్ళ భయం. గది తీసికొన్నవాడు రాత్రి తొమ్మిదిలోగా రావాలి, లేకపోతే ఆలస్యమని ఫోను చెయ్యాలి. రెండూ చెయ్యకపోతే ఆ గది వరండాలో వేచి ఉన్నవాడికి. ఈ షరతు రసీదుమీదే అచ్చువేస్తే గుమాస్తాకు అధికారం వస్తుంది. దేవస్థానంవారికి కూడా అర్జీ పెట్టవచ్చు: పండుగ రాత్రుల్లో కొన్ని గదులైనా ముసలివాళ్ళకు, పసిపిల్లల తల్లులకు అప్పటికప్పుడు ఇవ్వడానికి విడిగా ఉంచమని, బండ్లు నిలిపే మైదానంలో ఒక మూల పొయ్యిలకు వదిలి, పక్కన నీటిట్యాంకీ, ఆడవాళ్ళకు మరుగుదొడ్లూ పెట్టమని. అర్జీ తమిళంలో వ్రాయించుదాము, పని త్వరగా అవుతుంది. మన ఇళ్ళల్లో వాళ్ళం మనం కూడా ఒకటి పాటించాలి. ఎవరైనా గది తీసికొని వెళ్ళలేకపోతే, డబ్బు పోయిందిలే అని ఊరుకోకుండా రద్దు చేయండి. ఆ ఒక్క ఫోనుతో ఎవరో ఒక ముసలామె వాననుండి తప్పించుకుంటుంది.

రెండవది మన ఇళ్ళు. తిరువళ్లూరులో అమావాస్య రాత్రులు, తిరుత్తణిలో ఆడికృత్తిక, డిసెంబరు 31. ఈ కొద్ది రాత్రులకు ఎవరింట్లో ఏమి ఇవ్వగలరో ఒక పట్టిక చేద్దాము. అరుగు, మిద్దె, కారుషెడ్డు, ఆడవాళ్ళకు స్నానాలగది ఒక్క గంటసేపు, బండి నిలుపుకోవడానికి పెరడు, ఏదైనా సరే. తెలుగువాళ్ళకే అని వ్రాయవద్దు. వీరాస్వామయ్యగారు వ్రాసినట్టు ఉన్నది ఉన్నట్టు వ్రాద్దాము: నీళ్ళున్నాయా, దీపమున్నదా, ఎందరికి చాలుతుంది. స్టేషను దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు ఆ పట్టిక పట్టుకొని నిలబడితే, నా కిటికీ దగ్గరకు వచ్చి అడిగేవాళ్ళకు చెప్పడానికి నాకూ ఒక జవాబుంటుంది.

సభ ముగిసిన తర్వాత కార్యదర్శిగారి బల్లమీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. మొదటి పేజీలో నేను వ్రాసివుంచాను: మా ఇంటి వరండా, ఆరుగురు పడుకోవచ్చు, కుళాయి ఉన్నది, ఫ్యాను లేదు, రాత్రి ఎన్ని గంటలకైనా తలుపు కొట్టవచ్చు. రెండవ పేజీ ఖాళీగా ఉన్నది.